మూడు పాయింట్లు అంటే ఎవరి బుర్రలో మూడు?

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య నన్ను కలిసిన కొత్త స్క్రమ్ మాస్టర్లలో (సాఫ్ట్‌వేర్ టీమ్ పని పద్ధతి సాఫీగా నడిచేలా చూసేవాళ్ళు) చాలామంది ఒకటే మాట అంటున్నారు, "సార్, టీమ్‌కి డిసిప్లిన్ లేదండీ, చెప్పేటప్పుడు అన్నిటికీ తలూపుతారు, తర్వాత ఒక్కటీ చెయ్యరు" అని. సరిగ్గా ఇదే మాట నేను కూడా కోచ్‌గా వెళ్ళిన ఒక టీమ్ గురించి నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అదీ మొదటి వారంలోనే. అది తప్పని తెలుసుకోడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ ఆ టీమ్ అనవసరంగా నలిగిపోయింది. ఎక్కడ తప్పటడుగు పడింది, ఏ టైంలో ఏమనుకుని ఏ నిర్ణయం తీసుకున్నాం అనేది వరసగా చెప్తాను. టీమ్ వాళ్ళని అడిగే రాస్తున్నాను, మనుషుల్నీ క్లయింట్‌నీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, కొన్ని నంబర్లు మార్చాను.

టీమ్ గురించి

ఊరు విశాఖపట్నం, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్ వైపు. పెద్ద కంపెనీ కాదు. పోర్టు ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ సరుకు రవాణా చుట్టూ సాఫ్ట్‌వేర్ పని బాగానే ఉంటుంది, వీళ్ళదీ అలాంటిదే, కంటైనర్ యార్డుల్లో గేట్ దగ్గర వాడే ప్రోగ్రాం. ట్రైలర్ లోపలికొచ్చినప్పుడు కంటైనర్ నంబరు, సీల్ నంబరు, ఖాళీదా లోడుదా, ఎక్కడైనా సొట్టపడిందా, యార్డులో ఎక్కడ దింపాలి, మళ్ళీ బయటికెళ్ళేటప్పుడు కస్టమ్స్ క్లియరెన్స్ వచ్చిందా, బిల్లు కట్టారా, గేట్ పాస్ ఇవ్వొచ్చా, ఇదంతా అందులోనే నడుస్తుంది. గేట్ దగ్గర ఒక్క పావుగంట ఆగిపోతే రోడ్డు మీద ట్రైలర్లు బారులు తీరిపోతాయి, అందుకని ఫోన్లు వెంటనే మొదలైపోతాయి.

టీమ్ పదకొండుమంది. ఏడుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఒక ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు కావాలో చెప్పే మనిషి), ఒక స్క్రమ్ మాస్టర్. డెవలపర్లలో ఒకాయన టెక్ లీడ్, తొమ్మిదేళ్ళుగా ఇదే ప్రోడక్ట్ మీద ఉన్నారు, మొదట్లో యార్డుల్లో రాత్రిళ్ళు కూర్చుని మరీ పని నేర్చుకున్న మనిషి. మిగతావాళ్ళలో సగంమందికి రెండేళ్ళ అనుభవం కూడా లేదు, శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు. కష్టపడే పిల్లలు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే కేసంతా దీని మీదే తిరుగుతుంది.

నన్ను పిలిచిన సమస్య

రెండు వారాల స్ప్రింట్, అంటే ఇంత పని చేస్తామని ముందే ఒప్పుకుని చేసే విడత. ప్రతిసారీ ఇరవై స్టోరీల (విడివిడి పనుల) దాకా తీసుకునేవాళ్ళు, తొమ్మిదో పదో పూర్తయ్యేవి, మిగతావన్నీ "తొంభై శాతం అయిపోయింది" దగ్గర ఆగేవి. స్టాండప్ (రోజూ టీమ్ అంతా నిలబడి మాట్లాడుకునే మీటింగ్) పదిహేను నిమిషాలు కావాల్సింది నలభై నిమిషాలు సాగేది. ఒకసారి సరిచేసిన బగ్ మళ్ళీ వచ్చేది. డెలివరీ మేనేజర్ గారు మొదటి మీటింగులోనే చెప్పారు, "వీళ్ళకి కమిట్‌మెంట్ అంటే విలువ తెలీదండీ, మీరొచ్చి ఆ మైండ్‌సెట్ మార్చాలి" అని. నాకూ అది సబబుగానే తోచింది. రెండు స్టాండప్‌లు చూశాను, పిల్లలు నిన్న ఏం చేశారో గుర్తు తెచ్చుకోడానికి ఫోన్ తీసి వాట్సాప్ చూసుకుంటున్నారు. సీరియస్‌నెస్ లేదు అనుకున్నాను. నిజానికి నా ఎదురుగా కనిపిస్తున్నది మొత్తం కేసుకి తాళంచెవి, నాకది పట్టలేదు అంతే.

మొదట చేసింది, ఎందుకు చేసింది

రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టాను. నూట నలభై స్లైడ్లు. స్టోరీ ఎలా రాయాలి, పద్నాలుగు పాయింట్ల చెక్‌లిస్ట్‌తో డెఫినిషన్ ఆఫ్ డన్ (పని పూర్తయిందని ఎప్పుడనాలి), జిరాలో (పనులు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకునే సాఫ్ట్‌వేర్) తొమ్మిది స్టేటస్‌లతో కొత్త వర్క్‌ఫ్లో, కొత్త రెట్రో పద్ధతి (స్ప్రింట్ అయ్యాక ఏం జరిగిందో వెనక్కి చూసుకునే మీటింగ్), పెయిర్ ప్రోగ్రామింగ్ (ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాయడం), కోడ్ రివ్యూ నియమాలు, అన్నీ ఒకేసారి. ఎందుకిలా చేశానంటే అంతకుముందు హైదరాబాదులో ఒక క్లయింట్ దగ్గర ఇదే వర్క్‌షాప్ అద్భుతంగా పనిచేసింది, ఆ విజయం నా కళ్ళముందు అప్పటికి ఇంకా తాజాగా ఉంది. అక్కడి టీమ్ నలుగురే, అందరూ పదేళ్ళ పైబడిన సీనియర్లు, ఒకటే ప్రోడక్ట్, సపోర్ట్ కాల్స్ అసలు లేవు అనే తేడాలు మాత్రం ఆ టైంలో నాకు గుర్తుకే రాలేదు. బాగా జరిగింది సులభంగా గుర్తొస్తుంది, అది ఎందుకు బాగా జరిగిందన్నది అంత సులభంగా గుర్తుకు రాదు.

రెండు స్ప్రింట్ల తర్వాత చూస్తే పూర్తయిన స్టోరీలు తొమ్మిది నుంచి ఏడుకి పడిపోయాయి. చెక్‌లిస్ట్‌లో పద్నాలుగు టిక్కులూ శుక్రవారం సాయంత్రం ఒక్క నిమిషంలో పడుతున్నాయి, అంటే ఎవరూ చదవడం లేదు. అప్పుడైనా ఆపాలి కదా, ఆపలేదు. ఇంకో ఆరు వారాలు అదే చెక్‌లిస్ట్ పట్టుకుని వెంటపడ్డాను. ఎందుకు? ఆ స్లైడ్ల మీద నేను చాలా రాత్రులు ఖర్చుపెట్టాను, ఆ ఖర్చు వృథా కాకూడదు అని లోపల ఏదో పట్టుదల. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నాటకశాల సీజన్ టికెట్ల మీద చేసిన ప్రయోగం ఉంది, పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ళు సీజన్ మొదటి సగంలో డిస్కౌంట్‌లో కొన్నవాళ్ళ కంటే ఎక్కువ నాటకాలకి వెళ్ళారు, నాటకాలు మాత్రం అందరికీ ఒకటే. నేను కూడా పెట్టిన ఖర్చుకే నాటకం చూస్తున్నాను ఆ ఆరు వారాలూ. టీమ్‌లకి సంక్ కాస్ట్ (ఇప్పటికే పెట్టేసిన, తిరిగిరాని ఖర్చు) గురించి పాఠాలు చెప్పే మనిషినైనా నాకది లోపలి నుంచి కనపడలేదు. అందుకే ఇప్పుడు ఏ కొత్త పద్ధతి మొదలుపెట్టినా, ఇది పనిచెయ్యకపోతే ఏ తేదీన, ఏం చూసి ఆపుతాం అనేది మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసి స్క్రమ్ మాస్టర్ చేతికి ఇచ్చేస్తున్నాను.

రెండో ప్రయత్నం: పోకర్ కార్డులు

వర్క్‌షాప్ పక్కన పెట్టాక ఎస్టిమేట్ల మీద పడ్డాం. నా లెక్క ఏమిటంటే, తీసుకునే ఇరవై స్టోరీలే అసాధ్యం, కాబట్టి సైజు సరిగ్గా అంచనా వేస్తే తక్కువ తీసుకుంటారు, తక్కువ తీసుకుంటే పూర్తి చేస్తారు. ప్లానింగ్ పోకర్ మొదలుపెట్టాం, అంటే స్టోరీ ఎంత పెద్దదో ఒక్కొక్కరూ అంకె ఉన్న కార్డుతో చెప్పడం, ఆ అంకెలే పాయింట్లు. 2002లో జేమ్స్ గ్రెనింగ్ దీన్ని వివరించిన ఉద్దేశమే అది, అందరూ ఎవరికి వారు ఆలోచించి కార్డు బోర్లా పెట్టి ఒకేసారి తిప్పితే ఒకరి మాట ఇంకొకరి మీద పడదని.

పడింది. ఎలాగో చెప్తాను, నేను కళ్ళారా చూశాను కాబట్టి. ప్రొడక్ట్ ఓనర్ స్టోరీ చదువుతుంది, "సీల్ నంబరు మ్యాచ్ కాకపోతే గేట్ దగ్గర ఆపాలి." కొత్త పిల్లలు మొహాలు చూసుకుంటారు. డౌట్ తీర్చాల్సింది లీడ్ గారే కాబట్టి ఆయన చెప్తారు, "ఏం లేదు, ఉన్న చెక్‌కి ఇంకో కండిషన్ యాడ్ చేస్తాం, చిన్న పనే." తర్వాత కార్డులు. ఏడుగురూ తిప్పితే ఏడూ మూడే. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి చెయ్యి ముందు ఎనిమిది కార్డు మీదికి వెళ్ళింది, "చిన్న పనే" వినపడగానే వేలు జారి మూడు మీదికి వచ్చింది. కార్డులు బోర్లా ఉన్నాయి, నిజమే, కానీ యాంకర్, అంటే మన అంచనాని తనవైపు లాగే మొదటి మాట, కార్డుల కంటే ముందే పడిపోయింది. 1974లో ట్వెర్‌స్కీ, కానెమన్ రాసిన వ్యాసంలో చక్రం తిప్పే ప్రయోగం చాలామంది వినే ఉంటారు. చక్రం మీద 10 వచ్చినవాళ్ళు ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు 25 శాతం అని ఊహించారు, 65 వచ్చినవాళ్ళు 45 శాతం అన్నారు, ఆ చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదని తెలిసి కూడా. సంబంధం లేని చక్రమే అంత లాగితే, తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న పెద్దాయన మాట ఎంత లాగాలి. పైగా మన దగ్గర ఇది బుర్ర సంగతే కాదు, మర్యాద సంగతి కూడా, పెద్దవాళ్ళు చిన్న పని అన్నాక "కాదు సార్, పెద్దది" అనడం ఆ పిల్లలకి ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ నేను ఈ కేసు మొత్తంలో పెద్ద తప్పు చేశాను. నోట్‌బుక్‌లో "లీడ్ డామినేటింగ్, ఇగో ఇష్యూ" అని రాసి, మేనేజర్ గారితో మాట్లాడి ఒక స్ప్రింట్ పాటు ఆయన్ని ప్లానింగ్ నుంచి తప్పించాను. పరిస్థితి చేసిన పనికి మనిషి స్వభావాన్ని తప్పుపట్టడం, సైకాలజీలో దీనికి ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరే ఉంది, లీ రాస్ 1977లో పెట్టాడు, నాకా పేరు తెలుసు కూడా. ఆయన లేని ప్లానింగులో పిల్లలు ధైర్యంగా మాట్లాడారు, ఎనిమిదులూ పదమూడులూ వేశారు, నేను సంతోషించాను. స్ప్రింట్ రెండో వారంలో ఆ స్టోరీలే పగిలాయి, ఎందుకంటే లోపల దాగున్న రూల్సు ఏవీ వాళ్ళకి తెలీదు, పదమూడు అన్నది కూడా గాలిలో అన్నదే. లీడ్ గారు ఏమీ అనలేదు, వారం పాటు భోజనానికి మాత్రం విడిగా వెళ్ళారు. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. అది చెప్పడానికి వెళ్ళినప్పుడే అసలు విషయం బయటపడింది.

ఒక రోజు, ఒక టీ

అంతకు రెండు రోజుల ముందు నేను ఇంకో పని చేశాను, కోచింగ్ ఏమీ చెయ్యకుండా ఒక జూనియర్ డెవలపర్ పక్కన కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి లంచ్ దాకా ఊరికే కూర్చున్నాను. ఆ ఎనిమిది కార్డు అమ్మాయే. పదింటి నుంచి ఒంటిగంట లోపల పద్నాలుగుసార్లు పని మారింది. నాలుగు కార్డులు (ఇవి పోకర్‌వి కాదు, బోర్డు మీద ఒక్కో స్టోరీకి ఒక్కోటి ఉండేవి) ఆ అమ్మాయి పేరు మీద ఇన్ ప్రోగ్రెస్‌లో ఉన్నాయి, మధ్యలో యార్డు నుంచి వాట్సాప్‌లో ఫోటోలు, టెస్టర్ వచ్చి ఇంకో కార్డు గురించి అడగడం, మేనేజర్ గారి "ఒక్క నిమిషం". ప్రతిసారీ తిరిగొచ్చాక స్క్రీన్ మీద వేలు పెట్టి అదే ఫంక్షన్ పైనుంచి కిందికి మళ్ళీ చదువుతుంది, సగంలో పైకి వెళ్తుంది, మళ్ళీ కిందికి. పక్కన టిఫిన్ సెంటర్ బిల్లు వెనకాల పెన్సిల్‌తో ఏవో రాసుకుంది, చూస్తే వేరియబుల్ పేర్లు, వాటి మధ్య బాణాలు. "ఇదేటమ్మా" అంటే, "ఇది రాసుకోకపోతే వచ్చేసరికి మొత్తం పోతాది సార్, మొన్న ఒకటి ఐపోయిందనుకుని పక్కన పెట్టీసాను, అవ్వలేదు" అంది. తొంభై శాతం దగ్గర ఆగిపోవడం అంటే ఏమిటో నాకు ఆ బిల్లు కాగితం మీద కనపడింది.

2009లో సోఫీ లెరోయ్ అనే ఆమె చూపించింది, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే ధ్యాసలో కొంత ముక్క పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని ఆ మేరకి దెబ్బతింటుంది. పద్నాలుగు ముక్కలు ఎక్కడెక్కడో వదిలేసి వచ్చిన మనిషి మర్నాడు స్టాండప్‌లో నిన్న ఏం చేశానో గుర్తులేదు అంటే, అది సీరియస్‌నెస్ లేకపోవడమా?

ఇక లీడ్ గారి దగ్గరికి. ఆఫీసు కింద టీ బండి దగ్గర నిలబడ్డాం. క్షమాపణ అయ్యాక మామూలుగా అడిగాను, ఆ సీల్ స్టోరీ మీకు నిజంగా మూడేనా అని. "మూడేనండీ, రెండు కూడా అనొచ్చు, అదొక్కటే కదా, సీల్ మిస్‌మ్యాచ్" అన్నారు. సరే, ఆ ఒక్కటిలో ఏమేం ఉన్నాయో రాయండి అని నోట్‌బుక్ ఇచ్చాను. షిప్పింగ్ లైన్ సీలా కస్టమ్స్ సీలా, నంబరు తప్పు రాశారా సీలే తెగిందా, ఖాళీ కంటైనర్‌కి సీల్ అవసరమా, కస్టమ్స్ వాళ్ళు తెరిచి చూసి మళ్ళీ వేసిన కొత్త సీల్ ఎక్కడ ఎక్కించాలి, రాత్రి సూపర్‌వైజర్ లేకపోతే ఎవరు ఓకే చెయ్యాలి, పాత బిల్లు ఏమవుతుంది, అలా రాస్తూ పోయారు. పదమూడు లైన్లు. టీ చల్లారిపోయింది. పెన్ను మూత పెట్టి కాసేపు ఆ పేజీ చూసి, "ఇవన్నీ వాళ్ళకి తెలీదు కదా" అన్నారు, చాలా మెల్లగా.

నాకు వెంటనే చదరంగం ప్రయోగం గుర్తొచ్చింది. 1973లో చేజ్, సైమన్ చేసింది, నిజమైన ఆటలోని బోర్డుని కేవలం 5 సెకన్లు చూపించి మూసేస్తే మాస్టర్ పదహారు పావుల దాకా సరిగ్గా తిరిగి పేర్చేస్తాడు, కొత్తవాడికి నాలుగైదు పావులే గుర్తుంటాయి. కానీ అవే పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే మాస్టర్ గొప్పతనం పోతుంది. అంటే మాస్టర్‌కి జ్ఞాపకశక్తి పెద్దదేం కాదు, ఏళ్ళ తరబడి ఆడటం వల్ల కొన్నేసి పావులు కలిపి ఒక ముద్దగా కనిపిస్తాయి, అంతే. ఒకేసారి మనసులో పట్టుకోగలిగేవి ఎన్ని అంటే 1956లో జార్జ్ మిల్లర్ ఏడు అటూ ఇటూ అన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ అది నిజానికి నాలుగు దగ్గరే ఉంటుందన్నాడు. నాలుగే చోట్లు ఉన్నాయనుకోండి, లీడ్ గారికి సీల్ స్టోరీ ఒక చోటులో కూర్చుంటుంది, ఇంకా మూడు ఖాళీ. ఆ అమ్మాయికి అదే స్టోరీ పదమూడు ముక్కలు, మొదటి నాలుగు పట్టుకునేసరికి నిండిపోయింది, మిగతా తొమ్మిదీ ఎక్కడ పడిపోయాయో కూడా తెలీదు. ఆయన మూడు అన్నది అహంకారం కాదు, ఆయన బుర్రలో అది నిజంగానే మూడు. ఆ అమ్మాయి మూడు వేసింది అబద్ధం కాదు, తనకి కనపడిన నాలుగు ముక్కలకి అది సరిపోయే లెక్కే. అక్కడ నేను దులుపుతానన్న బద్ధకం లేదు, పెంచుతానన్న కమిట్‌మెంట్ కొరతా లేదు. దానిమీద నేను తెచ్చి పోసిన పద్నాలుగు పాయింట్ల చెక్‌లిస్ట్, తొమ్మిది స్టేటస్‌లు, అవి కూడా ఆ నాలుగు చోట్లలోనే కూర్చోవాలి కదా.

పనిచేసినవి

ఈసారి ఒక్క రూలు పెట్టుకున్నాను నాకు నేనే: ఒకసారికి ఒకటే మార్పు, అది టీమ్‌కి ఆలోచించకుండా జరిగిపోయేంత అలవాటయ్యాకే రెండోది. ఏది ముందు అన్నదానికి చాలా ఆలోచించాను. స్టోరీలు చీల్చడం ముందు పెట్టాలనిపించింది, కానీ అది నేర్చుకోడానికే బుర్రలో ఖాళీ కావాలి, ఖాళీ ఇప్పుడు లేదు. కాబట్టి ఖాళీ చేసే మార్పే ముందు రావాలి.

అలా మొదట ఇన్ ప్రోగ్రెస్‌కి హద్దు పెట్టాం. ఆ రోజు బోర్డు మీద ఇరవై ఐదు కార్డులు నడుస్తున్నాయి, వారానికి ఐదు పూర్తవుతున్నాయి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన లెక్క ఒకటుంది, లోపలున్నవాటిని బయటికొచ్చే వేగంతో భాగిస్తే ఒక్కొక్కటీ సగటున ఎంతసేపు లోపల ఉంటుందో వస్తుంది. ఇరవై ఐదుని ఐదుతో భాగిస్తే ఐదు వారాలు. రెండు వారాల స్ప్రింట్‌లో ఐదు వారాలు పట్టే పని ఎలా అవుతుంది? హద్దు పది పెడితే, వేగం అంతే ఉన్నా రెండు వారాలు. మేనేజర్ గారు ఒప్పుకోలేదు, "పది దాటితే మిగతావాళ్ళు ఖాళీగా కూర్చోవాలా" అన్నారు. ఆయన బాధ నిజమైనదే, పైవాళ్ళకి ఆయన యుటిలైజేషన్ రిపోర్ట్ (ఎవరెంతసేపు పనిలో ఉన్నారనే లెక్క) పంపాలి. నేను లెక్క పక్కన పెట్టి, సాయంత్రం ఆరున్నరకి హనుమంతవాక జంక్షన్ గుర్తుచేశాను, ప్రతి బండీ కాస్త సందు దొరికిందని మధ్యలోకి దూరిపోతే ఎవరూ ఖాళీగా లేరు, అందరి ఇంజన్లూ నడుస్తున్నాయి, ఒక్కడూ ఇంటికెళ్ళడం లేదు. నాలుగు వారాలు చూద్దామన్నారు. ఆఫీసులో గోడకి నిజం బోర్డు పెట్టాం, టేపుతో పది గళ్ళు వేశాం, గడి ఖాళీ లేకపోతే కొత్త కార్డు పెట్టే చోటే లేదు. గుర్తుపెట్టుకోవాల్సిన రూలు గోడ మీదికి పోయింది, బుర్ర మీద బరువు పడలేదు. ఇది జిరాలో పెట్టి చూశాం ముందు, ఎర్ర రంగు వచ్చేది, ఎవరూ పట్టించుకోలేదు.

యార్డు వాట్సాప్‌ని ఆపలేం, అది వీళ్ళ అన్నం. అందుకని వారానికి ఒకరు డ్యూటీ, ఆ వారం ఆ మనిషికి స్టోరీ పని లేదు, ఫోన్లన్నీ వాళ్ళకే. మొదటి రెండు వారాలు యార్డు వాళ్ళు అలవాటు కొద్దీ అందరికీ చేశారు, తర్వాత సర్దుకుంది, పూర్తిగా కాదు.

నెలన్నర తర్వాత స్టోరీల సైజు. దీనికి పెద్ద సిద్ధాంతం ఏమీ పెట్టలేదు, ఒకటే పరీక్ష: కొత్త డెవలపర్ కాగితం చూడకుండా ఆ స్టోరీని టెస్టర్‌కి చెప్పాలి, మధ్యలో ఆగి "ఇంకా ఏదో ఉంది" అంటే అది పెద్దది, చీల్చండి. సీల్ స్టోరీ ఐదు ముక్కలయ్యింది. మొదటి ముక్క, లోడు కంటైనర్, షిప్పింగ్ లైన్ సీల్, నంబరు తేడా ఉంటే ఆపడం, అంతే. లీడ్ గారి పాత్ర ఇక్కడ మారింది, సైజు చెప్పడం ఆయన పని కాదు, ప్లానింగ్‌కి ముందు రోజు ఆ పదమూడు లైన్ల లాంటిది ప్రతి పెద్ద స్టోరీకీ రాయడం ఆయన పని. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత ఆయనే అన్నారు, సెలవు పెట్టి తిరుపతి వెళ్తే తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఫోన్ రాలేదని.

ప్లానింగులో వరస కూడా మార్చాం: చదవడం, ఐదు నిమిషాలు ఎవరి చీటీ మీద వాళ్ళు డౌట్లూ సైజూ రాయడం, జూనియర్ నుంచి చదవడం, లీడ్ గారు ఆఖరున. ఇందులో ఎవరి మర్యాదా పోలేదు, ఎందుకంటే పెద్దాయన ఆఖరున మాట్లాడటం మన దగ్గర గౌరవమే. ఎదిరించడం అనే పనే లేకుండా పోయింది, ఆయన నోరు విప్పేసరికే తేడా కాగితం మీద ఉంది.

ఇంకో రెండు నెలలకి పాయింట్లే మానేశాం. దీనికి నేను టీమ్‌కి చూపించింది 1994 నాటి ఒక పరిశోధన. బ్యూలర్, గ్రిఫిన్, మైఖేల్ రాస్ అనేవాళ్ళు ఫైనలియర్ విద్యార్థుల్ని థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైనే. అంటే బఫర్ వేసుకోండి అని చెప్పినా లాభం లేదు, మన బఫర్ కూడా మన ఊహలోంచే వస్తుంది. అందుకని ఊహ అడగడం మానేసి, గత ఆరు స్ప్రింట్లలో ఎన్ని కార్డులు అయ్యాయో అది చూసి, అందులో తక్కువ వైపు అంకె క్లయింట్‌కి చెప్పడం మొదలుపెట్టాం. స్టోరీలు దాదాపు ఒకే సైజుకి వచ్చాయి కాబట్టి ఇది కుదిరింది, ముందే చేసి ఉంటే కుదిరేది కాదు.

ఒక చీటీ సంగతి మాత్రం చెప్పాలి. పెద్ద రిలీజ్ ముందు గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన ప్రీమార్టమ్ చేశాం, "రిలీజ్ అయింది, ఘోరంగా పోయింది, ఎందుకు పోయిందో రాయండి" అని. ఎప్పుడూ మాట్లాడని టెస్టర్ కుర్రాడు రాశాడు, "రాత్రి షిఫ్ట్‌లో నెట్ పోయి వస్తే గేట్ పాస్ రెండుసార్లు ప్రింట్ అవుతాది, రెండో పాస్‌తో ఇంకో ట్రైలర్ బయటికెళ్ళొచ్చు." లీడ్ గారు అక్కడికక్కడే ట్రై చేశారు, రెండు పాస్‌లూ బయటికొచ్చాయి. ఇది నీకెప్పుడు తెలుసు అంటే, "నెల రోజులైంది సార్, కానీ సీనియర్లందరూ ఓకే అన్నాక నేనేటి చెప్తాను" అన్నాడు. అంతకుముందు కూడా ప్రతి రిలీజ్‌కీ "ఎవరికైనా డౌట్లున్నాయా" అని అడిగేవాళ్ళమే. ఆ ప్రశ్నకి డౌట్ ఉందనడం ఎదురు మాట్లాడటంలా ఉంటుంది. ఘోరంగా పోయింది, ఎందుకో చెప్పు అంటే అది అడిగిన పని చెయ్యడం. ఆ కుర్రాడు అదే కుర్రాడు, బుర్రా అదే.

కుదరనివి

పెయిర్ ప్రోగ్రామింగ్ రెండుసార్లు ప్రయత్నించాం, నిలవలేదు. జూనియర్ లీడ్ గారి పక్కన కూర్చుంటే చూస్తూ ఉండిపోతాడు, ఇద్దరు జూనియర్లు కూర్చుంటే బాగుంది గానీ లోపలి రూల్సు ఇద్దరికీ తెలీవు. దీనికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు. రెట్రోల్లో కూడా, ఏదైనా పగిలాక "ఇది ముందే తెలిసిందే కదా" అనే మాట ఇంకా వస్తూనే ఉంది. దానికి కొంత మందు దొరికింది, నిర్ణయం తీసుకున్న రోజునే ఏమనుకుని తీసుకున్నామో రెండు లైన్లు బోర్డు పక్కన నోటుబుక్‌లో రాసి పెట్టడం. పగిలాక ఆ పేజీ తీస్తే ఆ రోజు ఎవరికీ తెలీదని కనపడుతుంది, గొంతులు తగ్గుతాయి. రాయడం మర్చిపోయిన వారాల్లో మళ్ళీ పాత గొడవే.

ఇప్పుడు ఎలా ఉంది

నేను బయటికొచ్చే నాటికి స్ప్రింట్‌కి చిన్న కార్డులు పద్నాలుగు దాకా తీసుకుని పన్నెండో పదమూడో పూర్తి చేస్తున్నారు. పాతవాటితో ఈ అంకెని పోల్చకూడదు, సైజు మారింది. నేను చూసేది క్లయింట్‌కి చెప్పిన తేదీ నిలబడిందా లేదా అన్నది, ఆఖరి ఐదు రిలీజుల్లో నాలుగు నిలబడ్డాయి. స్టాండప్ పన్నెండు నిమిషాలు, వ్యక్తి వారీగా కాకుండా బోర్డు మీద కుడివైపు కార్డు నుంచి మాట్లాడతారు, నిన్న ఏం చేశానో గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేదు.

మొన్న పండక్కి ముందు పలకరించడానికి వెళ్ళాను. టేపు గళ్ళు రెండు చోట్ల ఊడిపోయాయి, పది గళ్ళలో పన్నెండు కార్డులు ఇరికించి ఉన్నాయి, కొత్త యార్డు ఒకటి వచ్చిందట, మేనేజర్ గారి మీద మళ్ళీ ఒత్తిడి. నేను ఏమీ అనలేదు, ఏమంటారో చూద్దామని కూర్చున్నాను. కాసేపటికి ఆ ఎనిమిది కార్డు అమ్మాయి లేచి, రెండు కార్డులు తీసి ఎడమవైపు పెట్టి, "వీటిని ఎవరు చూడాలో సోమవారం చెప్పండి సార్, ఈ వారం ఎవరి బుర్రలోనూ చోటు లేదు" అంది మేనేజర్ గారితోనే. ఆయన ఒక నిమిషం బోర్డు చూసి, టేపు ఎక్కడుందని అడిగారు.